గాలి గొట్టానికి గుండీ

అరచెయ్యి తియ్యకూడదు. తీస్తే నంబరు ఎగురుతుంది, నంబరు ఎగిరితే హాల్లో యంత్రం ముందు కూర్చున్న గాలి మేస్త్రీ లేచి వస్తాడు, వచ్చి ఈ గోడ బీరువా తలుపు తీస్తాడు, తీసి పైకి చూస్తాడు. అంతే, ఇన్నాళ్ళ గుట్టు రట్టయిపోతుంది. అందుకని ఆమె తన పడగ్గదిలోని బట్టల బీరువాలో, వేలాడే కోట్లకూ చొక్కాలకూ మధ్య చిన్న స్టూలెక్కి, కుడిచెయ్యి పైకి చాచి, బీరువా కప్పు కిందుగా అడ్డంగా పోయే వెండిరంగు గొట్టానికి అరచెయ్యి అదిమిపెట్టి నిలబడింది. తలుపు లోపలి నుంచి దగ్గరికి లాక్కుంది. ఊరందరికీ కొలతలు తీసి బట్టలు కుట్టే మనిషి పట్టపగలు సొంత ఇంట్లో బీరువాలో దాక్కుందంటే వినేవాళ్ళు పడీపడీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అరచేతి కింద గొట్టం బిగిసి ఉంది, లోపల గాలి బయటికి దారి వెతుక్కుంటోంది, వేళ్ళ సందుల్లోంచి సన్నగా ఈల వేస్తూ వస్తోంది. ఆ గాలిలో జిగురు వాసన. చెయ్యి అప్పుడే లాగుతోంది, భుజం దగ్గర నొప్పి మొదలైంది, ఇంకా గంట పడుతుందన్నాడు మేస్త్రీ, గంటంటే ఎంతసేపు, రెండు లంగాల అంచులు మడిచి కుట్టేంతసేపు, అంతే కదా, నిలబడొచ్చు.

గాలి మేస్త్రీ అని ఆమే మనసులో పేరు పెట్టుకుంది. పొద్దున్నే పెట్టెలూ తీగలూ మోసుకొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఇల్లంతా తల పైకెత్తి చూస్తూ తిరిగాడు. "మీరు చల్లబరుస్తున్న గాలి మొత్తం మీ గదులకి రావట్లేదమ్మా. గొట్టాలకి సందులు పడి పైకప్పులోకి పోతోంది. అక్కడ సాలీళ్ళు హాయిగా ఉన్నాయి, మీరే ఇక్కడ ఉక్కపోతలో ఉన్నారు" అని తన మాటకి తనే నవ్వాడు. తర్వాత ఒక్కో గదిలో జాలీ విప్పి, గాలి వచ్చే నోటికి స్పాంజి బిళ్ళ కుక్కాడు. అన్ని నోళ్ళూ మూసేసి యంత్రంతో గాలి కొడితే, ఇంక ఆ గాలి పోయేది సందుల్లోంచే. ఆ గాలిలో జిగురు తుంపర కలిపి వదులుతాడట, పోయే గాలి పోతూ పోతూ జిగురుని సందు అంచుల మీద వదిలి పోతుందట, అలా సందు తనంతట తనే మూసుకుంటుందట. ఎంత మూసుకుంటే తెర మీద నంబరు అంత దిగుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ ముందుగా ఉత్త గాలి కొట్టి చూసినప్పుడు మేస్త్రీ మొహం ముడుచుకుంది. "ఎక్కడో పెద్ద కన్నమే ఉందమ్మా. ఎలుకలు కొట్టాయేమో. వేలు దూరేంత సందైతే యంత్రం మూస్తుంది, అంతకన్నా పెద్దదైతే దాని వల్ల కాదు. నంబరు దిగకపోతే గది గదీ వెతుకుతా" అన్నాడు. గది గదీ అన్న మాట చెవిన పడగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. వంటింట్లో ఏదో పనున్నట్టు అటు వెళ్ళి, అటునుంచి ఇటు వచ్చి, బీరువాలో దూరింది.

ఎలుకలు కాదు. ఆ కన్నం ఆమె కత్తెరతో కోసింది. ఎందుకు కోసిందో తలుచుకోకూడదనే అనుకుంటుంది, కానీ చేతికి పనిలేకుండా చీకట్లో నిలబడితే మనసు ఎక్కడికి పోతుంది, అక్కడికే పోతుంది. కూతురు పిట్ట దగ్గరికి. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని పిట్ట అన్నారు, చదువు ముగించి ఉద్యోగం చేస్తున్నా ఇంట్లో ఆ పేరే మిగిలింది. పదిహేడో ఏట ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నిద్రలో ఫిట్స్ వచ్చి కొట్టుకుంది. ఆమె ఇవతలి గదిలో మిషను మీద ఒక చొక్కా కాలరు కుడుతోంది. గోడ అవతల టకటకమని చప్పుడు వినిపించింది. పక్కింటివాళ్ళు మేకులు కొట్టుకుంటున్నారనుకుంది. పట్టపగలు నిద్రపోయేవాళ్ళుంటారని లేదు ఈ మనుషులకి, అని విసుక్కుంటూ కాలరు పూర్తిచేసింది. అంచు తిప్పి పైకుట్టు కూడా వేసింది. దారం తెంపి, లేచి వెళ్ళి చూస్తే గోడకి కొట్టుకుంటున్నది పిట్ట మడమ. కళ్ళు తేలేసి, నోటి పక్కన నురగ. ఆ కాలరు కుట్టినంతసేపు పిల్ల ఒక్కతే ఉంది. ఆ చొక్కా ఎవరిదో ఇప్పుడు గుర్తు లేదు, కాలరు మటుకు గుర్తుంది, దాని మూలలు ఎంత చక్కగా వచ్చాయో గుర్తుంది.

తర్వాత ఆస్పత్రులు, మాత్రలు. పెద్ద డాక్టరమ్మ చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది, మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు, నిద్ర అసలు తగ్గకూడదు, ఈ జబ్బున్నవాళ్ళకి నిద్ర చెడితే అది మళ్ళీ లేచి కూర్చుంటుంది, మిగతావన్నీ తర్వాత, ముందు నిద్ర. అందుకని ఆమె పిట్ట మంచం పక్కనే చాప వేసుకుంది. పిల్ల కదిలితే లేచేది, కదలకపోతే ఇంకా కంగారుగా లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పిల్ల ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? ఉద్యోగంలో చేరిన వారమే చాప చుట్టి చేతికిచ్చింది. "నేను పొయ్యి మీద పాలు కాదమ్మా, అస్తమానం చూస్తూ కూర్చోడానికి. ఇంక నా గదిలో నేనే పడుకుంటా. తలుపు కొట్టకుండా లోపలికి రావద్దు" అంది. నవ్వుతూనే అంది, కానీ గడియ వేసుకోకుండా ఉండడానికి మాత్రమే ఒప్పుకుంది. ఆయనా కూతురి వైపే మాట్లాడాడు. ఆయన బస్సు నడుపుతాడు, తెల్లారకముందే లేచి పోవాలి, తల దిండుకి ఆనిందంటే ఇల్లు కూలినా తెలియదు. ఆ మొదటి రాత్రి ఆమె కంటి మీద కునుకు లేకుండా గోడకి చెవి ఆనించి పడుకుంది. గోడ మందం, ఏమీ చెప్పలేదు. ఇంకెలా వినాలి, ఎటునుంచి వినాలి అని ఒళ్ళంతా చెవులు చేసుకుంటే అప్పుడు వినిపించింది ఈ బీరువాలోంచి గాలి పోతున్న చప్పుడు. తన బట్టల మీదుగా పోయే ఈ గొట్టం చివర పిట్ట గది జాలీ ఉంది. గాలి పోయే దారిలో చప్పుడు రాదా?

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు కత్తెర తీసుకుని స్టూలెక్కింది. పరాయి వస్తువు కోస్తున్నట్టు తలుపు వైపు రెండుసార్లు చూసుకుంది. కోశాక బెరుకు పోయింది. పైన మెరిసే పొర, మధ్యలో దూదిలాంటి ఉన్ని, లోపల తీగ చుట్టిన పల్చటి పొర. ఇదేమిటి, చలికోటు చెయ్యే కదా, పైగుడ్డ, దూది, లైనింగు, ఇలాంటివి ఎన్ని కుట్టలేదు. కోసిన అంచుల్లోంచి ఉన్ని పీచులు రేగుతున్నాయి. అవి గాలితో వెళ్ళి పిల్ల ఊపిరితిత్తుల్లో పడితేనో? అలా వదిలేయడానికి ప్రాణం ఒప్పలేదు. లావు దారం తీసి, పైపొరా లైనింగూ కలిపి చుట్టూ కాజా కుట్టు వేసింది, దగ్గర దగ్గరగా, ఒక్క పీచు బయటికి రాకుండా. తనకి పని నేర్పిన పిన్ని ఏ బట్టనైనా ముందు లోపలి వైపు తిప్పి చూసేది, లోపల దారాలు వేలాడితే విప్పి మళ్ళీ కుట్టించేది. పిన్ని చూస్తే మెచ్చుకునేదే. ఆ తర్వాత పగలు గాలి వృథాగా పోతుందని పైన ఒక మూత కుట్టింది, మూతకి నల్లటి పెద్ద కోటు గుండీ ఒకటి. పగలు గుండీ పెట్టి ఉంచుతుంది, మామూలు గాలికి అది చాలు, ఇవాళ్టి యంత్రం గాలికి చాలదు. అందరూ పడుకున్నాక స్టూలెక్కి, గుండీ తీసి, చెవి ఆనిస్తుంది.

వినిపించింది. మొదటిసారి వినిపించినప్పుడు ఏడుపొచ్చింది. గాలి హోరు వెనకాల సన్నగా పిట్ట ఊపిరి, లోపలికి తీసుకోవడం, ఒక్క క్షణం ఆగడం, వదలడం. అంత కుదురైన ఊపిరి ఆమె తన జన్మలో ఎవరిదీ వినలేదు, ఆయనది గుర్రుపెట్టి మధ్యలో ఆగుతుంది, తనది తనకే వంకరగా తోస్తుంది, పిట్టది మాత్రం టేపు పెట్టి కొలిచినట్టు ఉంటుంది. అది వింటూ ఉంటే భయం కాస్త వెనక్కి తగ్గుతుంది. ఇంకొంచెం విని దిగుదాం అనుకుంటుంది, ఇంకొంచెం, ఇంకొంచెం, కాళ్ళు తిమ్మిరెక్కి కిటికీలో తెల్లదనం కనిపించేదాకా. అప్పుడు గుండీ పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి ఆయన టిఫిను డబ్బా సర్దుతుంది. ఏడాది గడిచింది, ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. డాక్టరమ్మ మాత్రల గొప్పదనం అంటుంది, ఆయన దేవుడి దయ అంటాడు, ఆమె ఏమీ అనదు. తను వింటూ ఉంది కాబట్టే రాలేదు. వినడం మానిన రోజు వస్తుంది. ఇది పిచ్చి అని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన మానేసే ధైర్యం రాదు.

"సగం పైన దిగిందమ్మా! బాగా దిగుతోంది!" హాల్లోంచి మేస్త్రీ కేక. ఎవరికి చెబుతున్నాడు, వంటింట్లో ఉన్నాననుకుంటున్నాడు పాపం. "ఆఁ, సరే!" అని బీరువాలోంచే అరిచింది, కోటు బొచ్చు నోట్లోకి వచ్చింది. ఆ దిగుతున్నదాంట్లో కొంత తన అరచెయ్యి. వేళ్ళ అంచుల్లో జిగురు పేరుకుంటోంది, తడి దారం చుట్టుకున్నట్టు ఉంది, చెయ్యి తీద్దామన్నా వస్తుందా, గొట్టంతో పాటు అతుక్కుపోయి, ఆయన బస్సు దిగి ఇంటికొచ్చేసరికి భార్య బీరువాలో వేలాడుతూ ఉంటే కోటనుకుని పక్కకి జరుపుతాడు. నవ్వు రాబోయి ఆగిపోయింది. ఎందుకంటే అప్పుడు గమనించింది, గొట్టంలో పిట్ట లేదు.

ఉండదు మరి. పిట్ట గది జాలీకి స్పాంజి కుక్కేశాడు, గొట్టం నిండా యంత్రం హోరు, ఇంకేం వినిపిస్తుంది. అయినా ఏడాదిగా ఈ గొట్టం దగ్గర నిలబడ్డప్పుడల్లా పిల్ల ఉంది, ఇవాళ లేదు. పొద్దున కళ్ళ కింద నలుపుతో వచ్చి, "రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదమ్మా, ఇవాళ ఇంటి నుంచే పని, మేస్త్రీ తన పని చేసుకునేలోపు కాస్త పడుకుంటా" అని తలుపు వేసుకుంది. నిద్ర పట్టలేదంది. నిద్ర పట్టలేదని పిల్ల చెబుతుంటే ఆమె ఏం చేసింది, స్పాంజి బిళ్ళల వైపు చూస్తూ సరే అంది. ఊపిరి రాత్రంతా అంత కుదురుగా ఉంటే నిద్ర పట్టకపోవడం ఏమిటని కూడా అడగలేదు. నిద్ర చెడితే అది మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఈ వారం పిల్ల రెండుసార్లు కాఫీ కప్పు పక్కన తలవాల్చింది. మొన్న మెట్ల మీద తూలింది, చెప్పు జారిందంది. చెప్పేనా? అసలు ఈ గొట్టాల పని పెట్టించింది కూడా పిట్టే, కరెంటు దండగ అని తండ్రిని ఒప్పించి, నిన్న సాయంత్రం వరకూ తల్లికి చెప్పకుండా. చెబితే ఏం చేసేది? టేపు అంటించి దాచేదేమో. నిన్న తెలిశాక కూడా, టేపు అంటిస్తే మళ్ళీ తీసేటప్పుడు మూత చిరుగుతుందని గుండీతోనే వదిలేసింది. ఎంత తెలివి. ఇప్పుడు చెయ్యి తీసి వెళ్ళి ఒక్కసారి చూసొస్తే? నంబరు ఎగురుతుంది, మేస్త్రీ వస్తాడు, కన్నం మూసేస్తాడు, ఇవాళ్టి నుంచి రాత్రులన్నీ ఇలాగే ఉంటాయి, ఇలా ఏమీ వినిపించకుండా. వెళ్ళకుండా ఇక్కడే ఉంటే? ఈ నిమిషంలో పిట్ట మడమ గోడకి కొట్టుకుంటూ ఉంటే? యంత్రం హోరులో మేకుల చప్పుడు కూడా వినిపించదు. ముచ్చెమటలు పోశాయి. చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకుందామంటే ఎడమచెయ్యి కూడా గొట్టాన్నే పట్టుకుని ఉంది. ఇంకొంచెం. ఇంకొంచెంసేపు. ఈ మాట ఎక్కడో అన్నాను, అవును, కాలరు దగ్గర కూడా ఇదే అన్నాను, ఇంకొంచెం, ఈ అంచు అయ్యాక లేద్దాం.

హోరుని దాటుకుని గోడ అవతల దబ్బుమంది.

చెయ్యి లాగేసింది. చర్మం ఊడొచ్చినట్టు మంట పుట్టింది, స్టూలు కాలికి తన్నుకుని పడింది, కోట్లు మీద పడ్డాయి, తలుపు మోకాలితో నెట్టి బయటపడింది. వెనక గొట్టంలోంచి గాలి బుస్సున కొట్టింది. ఆమె ఆగలేదు. పిట్ట తలుపు కొట్టకుండా తోసి లోపలికి పడింది.

నేల మీద నీళ్ళ సీసా దొర్లుతోంది. మంచం మీద పిట్ట మోచేతి మీద లేచి, చెంప మీద దిండు గీతలతో, ఏ ఊళ్ళో ఉందో తెలియనట్టు చూస్తోంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. చప్పుడైతే..."

"చెయ్యి తగిలి సీసా పడుంటుంది." పిట్ట మొహం రుద్దుకుంది. "ఇప్పుడే పట్టింది నిద్ర. ఎన్నాళ్ళకి పట్టిందో."

హాల్లో యంత్రం హోరు ఆగిపోయింది. "అమ్మా! ఎక్కడో ఏదో ఊడింది! నంబరు ఒక్కసారి లేచిపోయింది!" మేస్త్రీ అరుస్తున్నాడు. పిట్ట తల్లి చేతి వైపు చూసింది. అరచేతి చుట్టూ జిగురు తెల్లగా, సాలెపట్టులా వేలాడుతోంది. తర్వాత కప్పు వైపు, స్పాంజి కుక్కిన జాలీ నోటి వైపు చూసింది.

"గుండీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డావా?"

 గుండీ అని ఆ పిల్ల నోట వింటే, తన లోపలి జేబులో ఎవరో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. "నీకు... నీకెలా..."

"నువ్వు లేనప్పుడు నీ బీరువాలో చూశాలే. అంతకుముందే తెలుసు. నువ్వు అది తియ్యగానే నా గదిలో గాలి తగ్గిపోతుందమ్మా. రోజూ. గాలి తగ్గిందంటే అమ్మ వచ్చిందని." పిట్ట గొంతులో కోపం లేదు, నిద్ర చాలనివాళ్ళ బరువుంది. "మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత, భయపడుతోంది కదా అని, నిద్రపోతున్నట్టు ఊపిరి తీసేదాన్ని. మెల్లగా, ఒకేలాగ. అది విని వెళ్ళి పడుకుంటావు, అప్పుడు నేనూ పడుకుంటా అనుకునేదాన్ని. నువ్వు వెళ్ళవు."

"తెల్లారేదాకా?"

"నువ్వు గుండీ పెట్టేదాకా."

ఆమె మంచం కోళ్ళ దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. అంత కుదురైన ఊపిరి. టేపు పెట్టి కొలిచినట్టున్న ఊపిరి. ఏడాదిగా తను విన్నది మేలుకుని ఉన్న పిల్లని. పిల్ల నిద్ర బాగుందని వింటూ ఆ నిద్రనే తినేసింది. ముందు నిద్ర, మిగతావన్నీ తర్వాత అంది డాక్టరమ్మ. కాఫీ కప్పు, మెట్లు, కళ్ళ కింద నలుపు. ఈసారి మడమ గోడకి కొట్టుకుంటే, కాలరు కుట్టుకుంటూ కూర్చున్నందుకు కాదు, కాపలా కాసినందుకు కొట్టుకుంటుంది. 

"చెప్పొచ్చు కదే."

"చెప్తే మానేస్తావా? తలుపు దగ్గరికొచ్చి నిలబడతావు. అందుకే వీళ్ళని పిలిచా. గొట్టం మూసేస్తే నేను అడగక్కర్లేదు, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు అనుకున్నా."

వాళ్ళిద్దరూ ఇవతలికి వచ్చేసరికి మేస్త్రీ ఆమె పడగ్గది గుమ్మంలో ఉన్నాడు, బీరువాలోంచి ఇంకా జిగురు వాసన వస్తోంది. బీరువాలోకి తల పెట్టి, టార్చి వేసి చూశాడు. తర్వాత వేలితో కాజా అంచు తడిమాడు. "నేను ఎలుకలనుకున్నానమ్మా. ఎలుకలు కాజాలు కుట్టవు కదా" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. "మా వాళ్ళు ఒక్క అతుకు కూడా ఇంత నీటుగా వెయ్యరు. కానీ ఇది యంత్రం వల్ల కాదు, చేత్తో ప్యాచీ వెయ్యాలి. వేశానంటే గట్టిపడిపోతుంది, మళ్ళీ తియ్యడానికుండదు. వెయ్యమంటారా?"

పిట్ట గుమ్మం దగ్గర నిలబడింది.  అడగదు, అడగకూడదనే కదా ఇదంతా పెట్టుకుంది.  వద్దంటే ఇంకో రాత్రి దొరుకుతుంది, ఇంకో రాత్రి వినొచ్చు, మేలుకున్న ఊపిరైనా ఊపిరే కదా, ఉన్నట్టే కదా. ఇవాళ ఒక్క రాత్రి. ఇంకొంచెం.

"ఉండండి" అని మిషను బల్ల దగ్గరికి వెళ్ళి కత్తెర తెచ్చింది. స్టూలు నిలబెట్టి ఎక్కింది. గుండీ కింద కత్తెర మొన దూర్చి దారం తెంపింది. తను వేసిన దారం కాబట్టి ఒక పట్టాన తెగలేదు. గుండీ వచ్చి జిగురు అరచేతిలో అతుక్కుంది.

"ఇప్పుడు వెయ్యండి" అంది.

మేస్త్రీ బూడిదరంగు జిగురు బ్రష్షుతో మందంగా పూస్తుంటే టార్చి ఆమే పట్టుకుంది. ఒక్కో కుట్టే మునిగిపోయింది, ఎడమవైపు మొదటి కుట్టు దగ్గర మొదలై, ఆమె ముడి వేసిన చోటు ఆఖరికి. పైన జాలీ గుడ్డ పరిచి, మళ్ళీ పూసి, అరచేత్తో నొక్కాడు. ఆమె అరచెయ్యి పెట్టిన చోటు కూడా అదే. తర్వాత హాల్లోకి వెళ్ళి యంత్రం పెట్టాడు. కాసేపటికి "ఇప్పుడు చూడండమ్మా, ఎంత దిగిందో!" అని సంబరంగా అరిచాడు. ఆమె చూడ్డానికి వెళ్ళలేదు.

స్పాంజి బిళ్ళలన్నీ తీసి, జాలీలు బిగించి, పెట్టెలూ తీగలూ మోసుకుని అతను వెళ్ళిపోయాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గాలి మాత్రం అన్ని గదుల్లోకీ చల్లగా, బలంగా వస్తోంది, మిషను మీది గుడ్డ ముక్కలు కదులుతున్నాయి. "ఇంకాస్త పడుకుంటానమ్మా" అని పిట్ట తలుపు వేసుకుంది. ఆమె అలవాటుకొద్దీ బీరువాలోకి వెళ్ళి, స్టూలెక్కి, ప్యాచీకి చెవి ఆనించింది. చల్లగా, తడిగా ఉంది. గాలి పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చెవికి బూడిదరంగు అంటుకుంది.

దిగి, పిట్ట గది దాకా వెళ్ళింది. తలుపు మీదికి చెయ్యెత్తింది. గుండీ ఇంకా అరచేతిలోనే ఉంది, ఊడి రాలేదు. లోపల పిల్ల నిద్రపోతోందో, మేలుకుందో, ఇంకేమన్నా అవుతోందో తెలియదు.  చప్పుడు కాకుండా చెయ్యి దించుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.